సిరోంచ ఎండలో అంటించి, ఔలి మంచులో నిలబెట్టాలంటే: ఇంట్లో చేసే స్కీలకు ఎపాక్సీ ఎంపిక

మహారాష్ట్ర కొసన ఉన్న సిరోంచలో స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడవాటి బద్దలు, చేస్తున్నానంటే ముందు ఎవరూ నమ్మలేదు. ప్రాణహిత దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఎటు వెళ్లినా మంచు మాత్రం కనబడదు. మాది తలుపులు, కిటికీలు, మంచాలు చేసే రేకుల షెడ్డు. మా అక్క కొడుకు ఉత్తరాఖండ్‌లోని ఔలిలో స్కీయింగ్ నేర్పే పనిలో చేరాక ఒకరోజు ఫోన్ చేసి, "మామా, ఇక్కడ మంచి జత కావాలంటే బయటి దేశం నుంచే రావాలి. మన దగ్గర వెదురుంది, నీ చేతిలో పనుంది. ఒకసారి చేసి చూడు" అన్నాడు.

మొదటి జత ఏప్రిల్‌లో, మధ్యాహ్నం రెండు గంటలకు అంటించాను. షెడ్డులో 42 డిగ్రీలు. ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే బంక. ఒకే మగ్గులో 600 గ్రాములు కలిపాను. రెండో గాజుబట్ట (గాజు నారతో చేసిన బట్ట) తడిపేలోపే మగ్గు చేతికి కాలింది. ఇంకో నిమిషానికి పొగ వచ్చింది. లోపల తేనె రంగు రాయి ఒకటి మిగిలింది. హడావిడిగా మళ్లీ కలిపి పని పూర్తి చేశాను. చూడటానికి జత బాగానే ఉంది. జనవరిలో, మంచు మీద దిగిన మూడో రోజున, ఒక స్కీ ముందు వంపు దగ్గర అడుగు పొర లేచిపోయింది. మావాడికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. ఆ స్కీని తిరిగి పంపించమన్నాను. లేచిన పొరను పట్టుకుని లాగి చూస్తే బంక ఎక్కడా సాగలేదు. వేయించిన అప్పడంలా పెళుసుగా విరిగి రాలింది.

అప్పటి నుంచి ఏ ఎపాక్సీ చూసినా "ఇది ఎంత గట్టిది" అని అడగడం మానేశాను. ఎంత వేడిలో గట్టిపడుతుంది, ఎంత చలిలో బతకాలి అని అడుగుతున్నాను. మన ప్రాంతంలో ఈ రెంటి మధ్య దూరం చాలా ఎక్కువ. చల్లటి దేశాల్లో 20 డిగ్రీల గదిలో స్కీలు చేసేవాళ్ల సలహా మనకు నేరుగా పనికిరాకపోవడానికి కారణం అదే.

బంక మీద పడే భారం ఏమిటి

స్కీని అడ్డంగా కోస్తే కింది నుంచి పైకి ఈ వరసలో కనిపిస్తుంది: జారే అడుగు పొర, దాని రెండు అంచుల్లో ఉక్కు పట్టీలు, ఉక్కు మీద సన్నటి రబ్బరు పట్టీ, గాజుబట్ట, మధ్యలో చెక్క లేదా వెదురు, మళ్లీ గాజుబట్ట, పైన నైలాన్ లాంటి పొర. పక్కల్లో ప్లాస్టిక్ లేదా చెక్క గోడలు. ఇన్నిటినీ ఒకే బంక పట్టుకోవాలి.

చలికి ఇవన్నీ ఒకేలా ముడుచుకోవు. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు ముడుచుకుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చెక్క నిలువు నారలో 4, 5 మైక్రాన్లే. అడుగు పొర మాత్రం అతి ఎక్కువ అణుభారం ఉన్న పాలిథిలిన్. అది 150 మైక్రాన్లకు తగ్గదు. 170 సెంటీమీటర్ల స్కీని 40 డిగ్రీల షెడ్డులో అంటించి మైనస్ 10కి తీసుకెళ్లారనుకోండి, 50 డిగ్రీల తేడా. ఉక్కు సుమారు 1 మిల్లీమీటరు ముడుచుకోవాలని చూస్తుంది. చెక్కకు అందులో సగం కూడా ఉండదు. పాలిథిలిన్‌ను వదిలేస్తే 13 మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది. అది మెత్తటిది కాబట్టి మిగతావన్నీ కలిసి దాన్ని లాగి ఆపుతాయి. ఆ ఆపే పనంతా వెంట్రుక మందం బంక పొర చేయాలి. దానికి తోడు మనిషి బరువు, గెంతులు, రాళ్ల దెబ్బలు.

ఎపాక్సీ ఏ ఉష్ణోగ్రతలో జెల్ అవుతుందో, అంటే పారడం ఆగి ముద్దకడుతుందో, చాలావరకు ఆ ఉష్ణోగ్రతలోనే పొరలన్నీ ఒకదానితో ఒకటి గొడవ లేకుండా ఉంటాయి. అక్కడి నుంచి ఎంత దూరం చల్లబడితే అంత లాగులాట. మనకు రెండు పనులు పడుతున్నాయి. వీలైనంత తక్కువ వేడిలో జెల్ చేయించాలి. కొంచెం సాగే గుణం ఉన్న ఎపాక్సీ ఎంచుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ రెండు పనుల కోసమే.

మొదటి మెట్టు: ఏవి కొనకూడదో తేల్చుకోండి

దుకాణంలో "ఫైబర్ రెసిన్" అని అడిగితే ఎక్కువ చోట్ల పాలిస్టర్ రెసిన్ ఇస్తారు. నీళ్ల ట్యాంకులకు, ఫైబర్ తలుపులకు, విగ్రహాలకు వాడేది అదే. ముక్కు పగిలే వాసన ఉంటుంది, పక్కన చిన్న సీసాలో చుక్కలుగా వేసే ద్రవం ఇస్తారు. ధర తక్కువ. స్కీకి వద్దు. గట్టిపడేటప్పుడు 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది. చెక్కను ఎపాక్సీ పట్టినట్టు పట్టదు.

అయిదు నిమిషాల ఎపాక్సీ కూడా వద్దు. చెప్పు తెగితేనో, కప్పు పిడి విరిగితేనో అది మంచిదే. ఒక స్కీ అమర్చడానికి ఇద్దరు మనుషులకు ముప్పావు గంట పడుతుంది. పైగా ఆ రకం తేమకు, వేడికి మెత్తబడుతుంది. ఎం-సీల్ లాంటి ముద్దలు పైపులకు. ఈమధ్య టేబుళ్ల మీద, ఫొటో ఫ్రేముల్లో పోసే ఆర్ట్ రెసిన్ కూడా ఎపాక్సీయే కాబట్టి చాలామంది దానితో మొదలుపెడతారు. అది అద్దంలా మెరవడానికి, బుడగలు పైకి రావడానికి చేసిన సరుకు. కొంచెం వేడి తగిలితే మెత్తబడే రకాలు వాటిలో చాలా ఉంటాయి.

అడగాల్సిన మాట ఇది: "లామినేటింగ్ ఎపాక్సీ, స్లో హార్డెనర్." అంటే బట్ట పొరలు తడిపి అంటించే ఎపాక్సీ, నెమ్మదిగా గట్టిపరిచే హార్డెనర్. డబ్బా కన్నా ముందు డేటా షీట్, అంటే సరుకు గుణాలు అంకెల్లో రాసిన కాగితం, పంపించమనండి. పంపలేని చోట కొనకండి.

రెండో మెట్టు: డేటా షీట్‌లో అయిదు అంకెలు

షీట్ నిండా అంకెలుంటాయి. మనకు కావాల్సినవి అయిదు.

ఒకటి, కలిపాక చిక్కదనం. షీట్‌లో సెంటీపాయిజ్ అనో, మిల్లీపాస్కల్ సెకండ్ అనో ఉంటుంది. రెండూ ఒకే అంకె. నీళ్లు 1, గది వేడిలో ఆముదం 700 అటూ ఇటూ, తేనె దాదాపు 10,000. గాజుబట్టలోకి దిగాలంటే ఆముదం అంత చిక్కదనం సరిగ్గా సరిపోతుంది, అంటే 500 నుంచి 1,000. అంతకన్నా చిక్కగా ఉంటే బట్ట లోపల తెల్లటి పొడి మచ్చలు మిగులుతాయి. మరీ పలచగా ఉంటే ఇంకో కష్టం. ప్రెస్సు బిగించగానే బంకంతా పక్కలకు కారిపోయి అతుకు ఎండిపోతుంది. షీట్‌లో అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మన షెడ్డులో 38 ఉంటే అదే సరుకు బాగా పలచబడుతుంది. కాబట్టి మే నెలలో పని చేసేవాళ్లు 900 ఉన్నదానికి భయపడనక్కర్లేదు.

రెండు, పాట్ లైఫ్, అంటే కలిపిన మగ్గులో ఎంతసేపు పనికొస్తుందో. దీని గురించి తర్వాతి మెట్టులో విడిగా చెబుతాను.

మూడు, కలిపే నిష్పత్తి. కొన్ని సరుకులు 100కి 10, కొన్ని 100కి 30 పైన. ఇది చిన్న విషయం కాదు. 100కి 10 సరుకులో 200 గ్రాముల రెసిన్‌కు 20 గ్రాముల హార్డెనర్. కాంటా 2 గ్రాములు తప్పు చూపిస్తే హార్డెనర్ 10 శాతం తేడా వచ్చినట్టు. అదే 100కి 32 సరుకులో 64 గ్రాములు పడుతుంది, 2 గ్రాముల తప్పు 3 శాతమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎక్కువ హార్డెనర్ పట్టే సరుకే క్షేమం.

నాలుగు, తెగేలోపు ఎంత సాగుతుంది. షీట్‌లో "ఎలాంగేషన్ ఎట్ బ్రేక్" అని ఉంటుంది. 2, 3 శాతం ఉన్నవి పెళుసు. నేను 5 కన్నా తక్కువ ఉన్నది స్కీకి కొనను. 6 నుంచి 8 మధ్య దొరికితే సంతోషం. దుకాణాల వాళ్లు బిగువు బలం అంకెను ముందు పెడతారు. రెండు సరుకుల మధ్య ఆ అంకెలో తేడా ఉన్నా, స్కీలో పగిలేది బలం చాలక కాదు, సాగక.

అయిదు, టీజీ. ఆ ఉష్ణోగ్రత దాటితే గాజులా ఉన్న ఎపాక్సీ రబ్బరులా మెత్తబడుతుంది. ఔలి మంచులో దీనితో పనేంటి అనుకోకండి. స్కీ పుట్టేది ఇక్కడ. మే ఎండలో నల్లటి పై పొర ఉన్న స్కీని బయట పెడితే 65, 70 డిగ్రీలు సులభంగా దాటుతుంది. కారు డిక్కీలో ప్రయాణం ఉంటుంది. అక్కడికి వెళ్లాక అడుగుకు మైనం పూసే ఇస్త్రీపెట్టె 120 డిగ్రీల పైనే ఉంటుంది, అది ఒకే చోట ఆగకుండా కదులుతుంది కాబట్టి సరిపోతోంది. సాగే ఎపాక్సీలకు టీజీ మామూలుగా తక్కువ ఉంటుంది. రెండూ ఎక్కువ కావాలంటే దొరకదు. సాగడం 5 శాతం పైన, పోస్ట్ క్యూర్ (గట్టిపడ్డాక మళ్లీ వేడి పెట్టడం, ఎనిమిదో మెట్టులో చెబుతాను) తర్వాత టీజీ 65కి తగ్గకుండా ఉన్నదాన్ని చూసుకోండి. రాజీ పడాల్సి వస్తే నేను టీజీ దగ్గరే కొంచెం తగ్గుతాను. స్కీని ఎండలో పెట్టకుండా ఆపగలం, చలిని ఆపలేం.

మూడో మెట్టు: హార్డెనర్‌ను మీ షెడ్డు థర్మామీటర్‌ను బట్టి ఎంచుకోండి

నా మొదటి జత పాడైంది ఇక్కడే. పాట్ లైఫ్ అంకె సాధారణంగా 25 డిగ్రీలలో, 100 గ్రాముల ముద్దకు కొలుస్తారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన వేగం సుమారు రెట్టింపు అవుతుంది. 30 నిమిషాల సరుకు 35 డిగ్రీల్లో 15 నిమిషాలు, 45లో ఏడెనిమిది నిమిషాలు. పైగా ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తానే వేడి పుట్టిస్తుంది. మగ్గులో లోతుగా ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. వేడికి వేగం, వేగానికి మళ్లీ వేడి. అదే పొగ.

అందుకని మార్చి నుంచి జూన్ వానలు పడేదాకా 25 డిగ్రీల దగ్గర 100 నిమిషాలకు తగ్గని హార్డెనరే తీసుకోండి. డిసెంబరు, జనవరిలో మనకూ రాత్రులు చలిగానే ఉంటాయి. అప్పుడు 40, 50 నిమిషాలది చాలు.

హార్డెనర్ ఒక్కటే కాదు, వేళ కూడా చూసుకోవాలి. నేను ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగున్నరకు కలుపుతాను. ఆరున్నరకల్లా ప్రెస్సు బిగిసిపోవాలి. రెసిన్ డబ్బాను ముందు రాత్రి షెడ్డు రేకుల కింద కాకుండా ఇంట్లో నేల మీద పెడతాను. కలిపిన ఎపాక్సీని మగ్గులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో వేలు మందాన పరుస్తాను, ఆ పళ్లెం కింద ఇంకో పళ్లెంలో కుండ నీళ్లు. పరిచిన ఎపాక్సీ మగ్గులో దానికన్నా చాలాసేపు పనికొస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చల్లటి డబ్బా మూత తీయగానే గాలిలోని చెమ్మ దాని మీద నీరవుతుంది.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. పాలిస్టర్‌తో పని చేసినవాళ్లు వేడి ఎక్కువుంటే చుక్కలు తగ్గిస్తారు, చలైతే పెంచుతారు. ఎపాక్సీలో అది కుదరదు. ఇందులో హార్డెనర్ వేగం పెంచే చుక్క కాదు, పదార్థంలోనే ఒక భాగం. రెసిన్‌లోని ప్రతి చేతికీ హార్డెనర్‌లో ఒక చేయి కావాలి. తగ్గిస్తే అంటుకోని చేతులు మిగిలి ఎప్పటికీ జిగటగా ఉంటుంది, పెంచితే బలహీనపడుతుంది. వేగం మార్చాలంటే హార్డెనర్ రకాన్నే మార్చాలి.

షీట్‌లో ఎపాక్సీ ఈక్వివలెంట్ బరువు, హార్డెనర్ అమైన్ ఈక్వివలెంట్ బరువు (ఒక్కో చేయికి ఎంత బరువో చెప్పే అంకెలు) ఉంటే నిష్పత్తి సరిగ్గా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. హార్డెనర్ అంకెను 100తో గుణించి రెసిన్ అంకెతో భాగించండి. రెసిన్ 188, హార్డెనర్ 60 అయితే 6,000 భాగించు 188, అంటే 32. వంద గ్రాములకు 32 గ్రాములు. డబ్బా మీది అంకెకూ దీనికీ బాగా తేడా వస్తే కొనేముందు ఫోన్ చేసి అడగండి, కలిపేటప్పుడు మాత్రం కంపెనీ అచ్చు వేసిన అంకెనే పాటించండి.

వానాకాలం సంగతి వేరు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారి గాలిలో తేమ ఎలా ఉంటుందో మనకు తెలుసు. హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన మైనం లాంటి పొర కడతాయి. వేలితో రాస్తే జిడ్డుగా తగులుతుంది. ఆ పొర మీద మళ్లీ బంక వేస్తే పట్టదు. స్కీని ఒకే విడతలో అన్ని పొరలూ పేర్చి బిగిస్తే ఈ బాధ లేదు. ముందు రోజు వెదురు బద్దలు అతికించి, మర్నాడు మిగతా పని చేసేవాళ్లకే ముప్పు. అప్పుడు గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడిగి, బాగా ఆరాక సాండ్ పేపర్ పట్టాలి. ముందు సాండ్ పేపర్ పడితే ఆ జిడ్డును లోపలికి రుద్దినట్టే అవుతుంది. థిన్నర్‌తో తుడిస్తే పోదు, అది నీళ్లకే కరుగుతుంది.

నాలుగో మెట్టు: మనకు దొరికే సరుకు

మన ఊళ్లల్లో ఎపాక్సీ అంటే ఆరాల్డైట్ అనే పేరే. ఇంట్లో అంటించే ట్యూబులకూ, పరిశ్రమలకు అమ్మే రెసిన్లకూ ఆ పేరుంది కాబట్టి పూర్తి నంబరు చెప్పి అడగాలి. మన దేశంలో ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగాల్లో ఎక్కువగా కనిపించే జంటలు రెండు: ఆరాల్డైట్ ఎల్‌వై 556తో హెచ్‌వై 951 హార్డెనర్, అతుల్ కంపెనీ వాళ్ల లాపాక్స్ ఎల్-12తో కె-6. రెంటిలోనూ హార్డెనర్ ట్రైఇథిలీన్ టెట్రామైన్ రకం. చిన్న అణువు, వేగం ఎక్కువ, 100కి 10 పడుతుంది. చవక, సులభంగా దొరుకుతుంది, డిసెంబరులో పరీక్ష ముక్కలు చేయడానికి మంచిది. మే నెల స్కీకి మాత్రం నేను వాడను. వేగం మన వేడికి సరిపడదు, గట్టిపడ్డాక బిగుసుగా ఉంటుంది. ఎల్‌వై 556 రెసిన్ ఒక్కటీ తేనెంత చిక్కన అని కూడా గుర్తుంచుకోండి.

మంచి దారి, ఇలాంటి రెసిన్‌నే పలచగా ఉండే లామినేటింగ్ గ్రేడ్‌లో తీసుకుని, పాలీఈథర్ అమైన్ రకం నెమ్మది హార్డెనర్ అడగడం. ఆ అణువు పొడుగ్గా ఉంటుంది. అందుకే సాగే గుణం, నెమ్మది, ఎక్కువ నిష్పత్తి, మూడూ కలిసి వస్తాయి. నేను నాగ్‌పూర్‌లోనూ హైదరాబాద్‌లోనూ అడిగి చూశాను. గాలిమర రెక్కలకు, పడవలకు సరుకు అమ్మే డీలర్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. హార్డ్‌వేర్ షాపులో అర్థం కాకపోతే వాళ్ల తప్పు కాదు.

బయటి దేశాల్లో ఇంట్లో స్కీలు చేసేవాళ్లు వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌ను 206 నెమ్మది హార్డెనర్‌తో వాడటం ఎక్కువగా వింటాం. అది కొలతలో 5కి 1. వేడి ఊళ్లకు అదే కంపెనీ 209 అనే ఇంకా నెమ్మది హార్డెనర్ చేస్తుంది, అది 3కి 1. జి-ఫ్లెక్స్ అనే సాగే రకం కూడా ఉంది. స్కీ పనివాళ్లలో ఎంట్రోపీ రెసిన్స్ వాళ్ల సూపర్ సాప్‌కు పేరుంది. తెప్పించుకోగలిగితే మంచివే. కొలతలో 5కి 1 అన్నదాన్ని తూకంలో 5కి 1గా కలపకండి. రెసిన్ హార్డెనర్ కన్నా బరువు. లెక్క చూపిస్తాను. తూకంలో 100కి 30 అనుకోండి. రెసిన్ సాంద్రత 1.15, హార్డెనర్ 0.95 అయితే, కొలతలో అది 100కి 36 అవుతుంది. నేను ఎప్పుడూ తూకమే వాడతాను.

అయిదో మెట్టు: ఎదురుగా ఉన్న పదార్థాన్ని సిద్ధం చేయండి

ఎంత మంచి ఎపాక్సీ అయినా జిడ్డు మీద నిలవదు. మన దగ్గర అందరి చేయీ ముందు టేకు మీదికి పోతుంది. ఆలాపల్లి టేకు పక్కనే పెట్టుకుని వేరే చెక్క ఎందుకంటారు. తలుపుకు దాన్ని మించింది లేదు. స్కీకి మాత్రం బరువు ఎక్కువ, పైగా టేకులో నూనె ఉంటుంది. ఆ నూనె బంకను పట్టనివ్వదు. పక్క గోడలకు టేకు వాడాలనిపిస్తే రందా పట్టిన వెంటనే, అంటించడానికి కొద్ది నిమిషాల ముందు, తెల్లగుడ్డతో అసిటోన్ పెట్టి తుడవండి. గుడ్డకు పసుపు రంగు అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి.

మధ్య చెక్కకు నేను వెదురు, గుమ్మడి టేకు కలిపి వాడుతున్నాను. గుమ్మడి టేకు తేలిక, నార సాఫీగా ఉంటుంది, టేకు అని పేరున్నా ఆ నూనె బాధ లేదు. వెదురు సాగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. కానీ వెదురు బయటి పచ్చ తోలు మైనం పూసినట్టుంటుంది. ఆ తోలునూ, లోపలి తెల్లటి పొరనూ రందాతో పూర్తిగా తీసేయాలి. నున్నటి తోలు కొంచెం మిగిలినా అక్కడే లేస్తుంది. చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం ఉంటే మంచిది. వానాకాలంలో కోసిన బద్దలను నెలల తరబడి నీడలో ఆరబెట్టాకే వాడండి.

ఉక్కు పట్టీలను సాండ్ పేపర్‌తో గరుకు చేసి అసిటోన్‌తో తుడవండి. తుడిచాక చేత్తో ముట్టకండి. ఉక్కు మీద వేసే రబ్బరు పట్టీ స్కీల కోసం చేసిందే కొనండి. సైకిల్ ట్యూబు కత్తిరించి పెట్టాలని నాకూ అనిపించింది. ఎపాక్సీ దానికి పట్టదు.

అన్నిటికన్నా మొండిది పాలిథిలిన్ అడుగు. అంటించే వైపు మంటతోనో, విద్యుత్తుతోనో ముందే శుద్ధి చేసిన షీటే కొనాలి. చేశారో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మూలన నాలుగు చుక్కల శుభ్రమైన నీళ్లు వేయండి. నీళ్లు పలచగా పరుచుకుంటే శుద్ధి అయినట్టు. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడితే ఎపాక్సీ కూడా అలాగే నిలబడుతుంది. అప్పుడు సన్నటి సాండ్ పేపర్ పట్టి, గ్యాస్ టార్చ్ నీలి మంటను ఆపకుండా త్వరగా ఒకసారి తిప్పి, మళ్లీ నీళ్లు వేసి చూడండి. మంట ఒక్కచోట నిలిస్తే షీట్ వంకర పోతుంది. పనికిరాని ముక్క మీద చేయి కుదిరాకే అసలు షీట్ ముట్టుకోండి.

ఆరో మెట్టు: ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ పరీక్ష

ఏ ఎపాక్సీ అయినా పూర్తి స్కీకి వాడేముందు చిన్న ముక్కలు చేసి చూడండి. 25 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు. అడుగు పొర, గాజుబట్ట, వెదురు, గాజుబట్ట, అసలు స్కీలో ఉన్న వరసలోనే. ఒక కొనలో రెండు సెంటీమీటర్ల మేర అడుగు పొరకూ గాజుబట్టకూ మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టండి, తర్వాత పట్టుకుని లాగడానికి. ఒక్కో ఎపాక్సీతో నాలుగు ముక్కలు. వారం ఆగండి.

మా బజారులో ఐస్‌క్రీమ్ అమ్మే కాకా దగ్గర డీప్ ఫ్రీజర్ ఉంది. సుమారు మైనస్ 18 ఉంటుంది. ముక్కల్ని కవర్లో కట్టి రాత్రంతా అందులో పెడతాను. పొద్దున తీసిన వెంటనే, వేడెక్కకముందే, ఒక ముక్కను మోకాలి మీద పెట్టి వంచుతాను. చెవి దగ్గరగా పెట్టి వినాలి. పెళుసు ఎపాక్సీ అయితే వంపు సగంలోనే టిక్, టిక్ అని సన్నగా చప్పుడు వస్తుంది, కంటికి ఏమీ కనబడదు. ఆ చప్పుడే మావాడి స్కీలో మూడు రోజులపాటు వచ్చి ఉంటుంది, బూట్ల గోలలో వినబడలేదు. మంచి ఎపాక్సీ వెదురు విరిగేదాకా నోరు మెదపదు.

రెండో ముక్కను ప్లాస్టిక్ కాగితం పెట్టిన కొన దగ్గర పట్టకారుతో పట్టి అడుగు పొరను లాగండి. తెల్లటి అడుగు మీద గాజు నార అంటుకుని వస్తే బంక గెలిచినట్టు. నున్నగా, శుభ్రంగా ఊడి వస్తే శుద్ధి చాలలేదు, లేదా ఎపాక్సీ సరిపడలేదు. మూడో ముక్కను మే ఎండలో రేకు మీద రోజంతా ఉంచి, వేడిగా ఉండగానే వంచండి. వంచితే తిరిగి నిలువుగా రాకపోతే టీజీ తక్కువ. నాలుగోది దాచండి.

ఏడో మెట్టు: ఎంత కలపాలి, ఎలా కలపాలి

175 సెంటీమీటర్ల స్కీకి 13 సెంటీమీటర్ల వెడల్పు బట్ట, రెండు పొరలు. చదరపు మీటరుకు 750 గ్రాముల గాజుబట్ట అయితే ఒక స్కీకి దాదాపు 340 గ్రాముల గాజు. చేత్తో తడిపే పనిలో గాజు ఎంతో ఎపాక్సీ అంత. దానిమీద అడుగు, ఉక్కు, చెక్క, పై పొర తడపడానికి ఇంకో 180 అనుకోండి. ఒక స్కీకి 520, జతకు కిలో పైన కొంచెం. చేతి వృథాతో కిలోన్నర ఉంచుకోండి. ఒకేసారి కాదు, 200 గ్రాముల చొప్పున.

కాంటా 0.1 గ్రాము చూపించేది కావాలి. కూరగాయల కాంటా కాదు. రెసిన్ ముందు, హార్డెనర్ తర్వాత. మూడు నిమిషాలు నెమ్మదిగా, గోడలు, అడుగు గీకుతూ కలపండి. తర్వాత ఇంకో శుభ్రమైన గిన్నెలోకి మార్చి ఒక నిమిషం. మొదటి గిన్నె గోడలకు అంటుకున్న కలవని రెసిన్ అక్కడే ఉండిపోతుంది. చలికాలంలో రెసిన్ తెల్లగా పంచదార పాకంలా గడ్డకట్టి కనిపిస్తే పాడైందని పారేయకండి. డబ్బా మూత బిగించి 50 డిగ్రీల వేడి నీళ్లలో నిలబెడితే తేటగా అవుతుంది. పూర్తిగా చల్లారాకే వాడండి.

చేతులకు నైట్రిల్ గ్లవ్స్ తప్పనిసరి. అమైన్ హార్డెనర్లు చర్మానికి పడకపోతే దద్దుర్లు వస్తాయి, ఒకసారి శరీరం వాటిని పగబట్టిందంటే జీవితాంతం ఎపాక్సీ దగ్గరికి వెళ్లలేరు. చేతికి అంటితే సబ్బు నీళ్లతో కడగండి. థిన్నర్‌తో కడిగితే అది ఇంకా లోపలికి దిగుతుంది. మా షెడ్డులో కుర్రాళ్లకు గ్లవ్స్ లేకుండా డబ్బా మూత కూడా తీయనివ్వను. గట్టిపడ్డాక సాండ్ పేపర్ పట్టేటప్పుడు దుమ్ముకు మాస్క్. మగ్గు వేడెక్కితే పట్టుకుని చూస్తూ నిలబడకుండా బయట మట్టి మీద పెట్టేయండి.

నేను స్కీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి లాగేసి బిగిస్తాను. దీన్నే వాక్యూమ్ బ్యాగు అంటారు. 0.85 బార్ ఒత్తిడి దగ్గర ఆ స్కీ మొత్తం మీద దాదాపు రెండు టన్నుల బరువు సమానంగా పడుతుంది. ఉక్కు చట్రంలో ఫైరింజన్ గొట్టం పెట్టి, దాన్ని గాలితో ఉబ్బించి నొక్కే ఫైర్ హోస్ ప్రెస్సు పెట్టేవాళ్లకు 3 బార్ దగ్గర ఏడు టన్నులు. చట్రం వెల్డింగు తెలిసినవాళ్లతోనే చేయించండి. ఒత్తిడి ఎక్కువైన కొద్దీ పలచటి ఎపాక్సీ కారిపోతుంది కాబట్టి, ఉక్కు పట్టీల సందుల్లో పూసే కొంచెం బంకలో ఫ్యూమ్డ్ సిలికా అనే తేలికపాటి తెల్ల పొడి కలిపి పెరుగులా చిక్కగా చేసుకోండి.

ఎనిమిదో మెట్టు: గట్టిపరచడం

ముందు 24 గంటలు మామూలు వేడిలో, ఒత్తిడిలోనే ఉంచండి. ఎండాకాలమైతే షెడ్డులో కాదు, నీడగా ఉన్న గదిలో. నెమ్మది హార్డెనర్‌కు రెండో రోజు కూడా కావచ్చు. జెల్ అయ్యాకే వేడి చేయాలి. తొందరపడి మొదటి గంటలోనే 60 డిగ్రీలు పెడితే పొరలన్నీ ఆ వేడిలోనే అతుక్కుని, చల్లారాక అడుగు పొర ముడుచుకుని స్కీ అడుగు గిన్నెలా లోపలికి వంగుతుంది.

తర్వాత పోస్ట్ క్యూర్. పాత రేకు పెట్టెలో నాలుగు 100 వాట్ల బల్బులు, కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ థర్మోస్టాట్, స్కీ మధ్యలో ఒక థర్మామీటర్, చివర ఒకటి. గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచి 55 నుంచి 60 దగ్గర ఎనిమిది గంటలు. స్కీ, దానికి వంపు ఇచ్చే అచ్చులోనే ఉండాలి. చల్లార్చడం కూడా నెమ్మదిగా, మామూలు గది వేడికి వచ్చాకే ఒత్తిడి తీయాలి. కరెంటు పోతే భయపడకండి, పెట్టె మూత తీయకుండా అలాగే ఉంచి, వచ్చాక మళ్లీ లెక్క మొదలుపెట్టండి. బల్బులు చెక్కకు, ప్లాస్టిక్ బ్యాగుకు తగలకూడదు, మనిషి పక్కన ఉండాలి.

అచ్చు నుంచి తీసిన రోజే మంచు దగ్గరికి పంపకండి. రెండు వారాలు గోడకు ఆనించి ఉంచి, అడుగు మీద నిలువుగా స్కేలు పెట్టి వెలుతురులో చూడండి. వెలుతురు గీత మారకపోతే పంపవచ్చు.

దాచిన ఆ నాలుగో ముక్కల మీద తేదీ, రెసిన్, హార్డెనర్, ఆ రోజు షెడ్డులో ఉన్న డిగ్రీలు మార్కర్‌తో రాసి, బెజ్జం పెట్టి మేకుకు తగిలించండి. కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ముక్క చేసి, దాన్నీ పాతదాన్నీ ఒకే రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున ఒకదాని తర్వాత ఒకటి వంచి వినండి.